పళ్ళెంలో లేని గుండు

రండర్రా, దగ్గరికి జరగండి. సంచులు ఆ మూల పెట్టి కూర్చోండి. ఒరేయ్, అక్కడ కాదు. కిటికీకీ నాకూ మధ్య ఎవరూ కూర్చోవద్దని రోజూ చెబుతున్నానా లేదా? ఇటు, గోడవారకు. ఆఁ, అలా.

ఆ కిటికీ అవతల, మనకు వీపు పెట్టి, చెక్క కుర్చీలో పొద్దస్తమానం కూర్చునే మనిషిని చూసి మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. వెలుగుకు అడ్డమని ఒకడు సుద్దముక్కలు కూడా విసిరాడు. ఆయనెందుకు అక్కడ కూర్చుంటాడని మీరు అడిగినప్పుడల్లా మాట దాటేశాను. ఈరోజు చెబుతాను. వింటాడేమోనని గొంతు తగ్గించుకోనక్కర్లేదు. విని సిగ్గుపడే మనిషే అయితే అసలీ కథే ఉండేది కాదు.

ఈ కిటికీకి ఎదురుగా, వీధి చివర మూతపడిన కొట్టు ఆయనదే. తుపాకీలు బాగుచేసే మేస్త్రి. అందరూ పెట్టిన పేరు ‘నాకుతెలుసు’. ఎవరేం చెప్పబోయినా సగంలోనే “నాకు తెలుసు” అని అడ్డుపడేవాడు. కొట్టుకొచ్చినవాళ్ళను కూర్చోమనే అలవాటు లేదు. తుపాకీని ఒకసారి, తెచ్చినవాడి మొహాన్ని ఒకసారి చూసి, “నీ చేతికి చీపురిచ్చినా తుప్పు పట్టిస్తావు” అనేవాడు. పని వచ్చినవాడే, కాదనను. లోకంలో ఇంకెవరికీ ఏ పనీ రాదనుకునేవాడు, అదీ రోగం.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, భర్త పోయిన ఒకామె గోనెగుడ్డలో చుట్టిన పొడవాటి రైఫిల్ తెచ్చింది. గొట్టం మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించే పాతకాలపుది.

“దీన్ని బాగుచెయ్యొద్దు మేస్త్రిగారూ, ముక్కలు చేసెయ్యండి,” అందామె. “ఆలస్యంగా పేలుతుంది.”

“నాకు తెలుసు. మందు చెమ్మగిల్లి ఉంటుంది.”

“అది కాదండీ. మా ఆయన అడవిలో పందిమీదికి పేల్చబోతే పేలలేదు. ఏమైందోనని గొట్టంలోకి కన్ను పెట్టి చూశాడట. తర్వాత మందూ గుండూ బయటికి లాగేసి, ఇంటికి తెచ్చి గోడకు తగిలించాడు. అన్నం ముందు కూర్చున్నాడండీ...” ఆమె గోనెగుడ్డ మడత సర్దింది. “చప్పుడైంది. ఆ కంట్లోనే తగిలింది. తుపాకీ గోడమీద ఉన్నది ఉన్నట్టే ఉంది.”

మేస్త్రి ఏమన్నాడో తెలుసా? “మీ ఆయనకు తుపాకీ పట్టుకోవడం రాదమ్మా. వెళ్ళిరా.”

భర్త పోయిన మనిషితో అనే మాటేనా అది! ఆమె గుమ్మం దాటుతూ, “మనిషి వైపు మాత్రం తిప్పకండి,” అని వెళ్ళిపోయింది.

పిల్లలూ, అది ఎలా పేలుతుందో తెలియకపోతే భయం కూడా సరిగ్గా వెయ్యదు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడుతుంది. దాని కింద చిన్న రాగిటోపీ ఉంటుంది, అది చిట్లి నిప్పురవ్వ పుడుతుంది. ఆ నిప్పు సన్నటి కంతలోంచి దూరి లోపలి మందుకు తగులుతుంది. టక్కుమన్న వెంటనే ధామ్మనాలి. ఆ రెండింటి మధ్య ఎడం వచ్చిందంటే ఏదో తేడా ఉన్నట్టు. కంతలో నూనె దిగి ఉండొచ్చు, మసి కట్టి ఉండొచ్చు, మందు చెమ్మగిల్లి ఉండొచ్చు. అలాంటప్పుడు గొట్టాన్ని మట్టిదిబ్బ వైపే ఉంచి ఓపిగ్గా ఆగాలి. ఎవరి వైపూ తిప్పకూడదు. ఈ నియమం తప్పినవాళ్ళను చెవులు మూసుకునేలా తిట్టేవాడు మన మేస్త్రి.

కొట్టు వెనక పెరట్లో మట్టిదిబ్బ ఉంది. సూదితో కంత శుభ్రం చేశాడు, కొత్త మందు పోశాడు, దిబ్బకు గురిపెట్టి నొక్కాడు. టక్... ధాం. రెప్పపాటు ఎడం.

“మసి,” అన్నాడు. మరిగే నీళ్ళు పోసి కడిగి, గుడ్డ చుట్టిన కడ్డీతో తుడిచి, పొడిగా ఆరబెట్టి మళ్ళీ పేల్చాడు. టక్. తల తిప్పి, గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. అప్పుడు ధాం.

“టోపీలు పాతవి.” కొత్త డబ్బా తెరిచాడు. ఈసారి టక్కుమన్నాక దాన్ని చేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, వాళ్ళ తాతల్నీ తిట్టడం కూడా పూర్తయింది. అప్పుడు పేలింది.

బాగుచేసిన కొద్దీ ఎడం పెరుగుతోంది. ఇంకో సంగతి ఉంది. పేలిన గొట్టం వేడెక్కాలి కదా? ఇది చల్లబడుతోంది. నాలుగోసారి మందు దట్టించేటప్పటికి దాని మీద వేలు ఆనించలేకపోయాడు. ఆ సంగతి భార్యకు చెప్పాడా? చెబితే పరువు పోదూ!

ఆ నాలుగోసారి అసలు పేలనే లేదు. చాలాసేపు ఆగాడు. వాన కూడా ఆగి మళ్ళీ మొదలైంది. చివరికి కడ్డీ కొసకు మర బిగించి, దాన్ని గుండులోకి తిప్పి బయటికి లాగి స్టీలు పళ్ళెంలో వేశాడు. ఖణేల్మంది. మందు కాగితం మీదికి ఒంపాడు. పొడిగా ఉంది. గొట్టంలో నీళ్ళు పోస్తే కంతలోంచి ధారగా కారిపోయాయి. గొట్టం ఖాళీ.

పొద్దు వాలుతోంది. కొట్టు నిండా తడి ఇనుము వాసన, కాలిన మందు కంపు. అప్పుడే బావమరిది అక్కను చూడ్డానికి వచ్చి గొడుగు దులుపుకుంటున్నాడు. జరిగిందంతా అక్క గుసగుసగా చెప్పింది.

“బావా, ఆమె అడిగినట్టు ముక్కలు చేసెయ్యరాదూ?”

“వచ్చాడండీ మహానుభావుడు! నీకేం తెలుసురా దీని గురించి?”

“ఏమీ తెలీదు. అందుకే భయం.”

“భయమా? పళ్ళెంలో గుండు. కాగితంలో మందు. గొట్టంలో గాలి. గాలికి భయపడతావురా?” అంటూ రైఫిల్ ఎత్తి బావమరిది గుండెకు గురిపెట్టాడు.

“బావా, ఖాళీదైనా మనిషి వైపు తిప్పకూడదని నువ్వే అందర్నీ తిడతావుగా!”

“అది చేతకానివాళ్ళకు పెట్టిన నియమం.”

“ఏవండీ, వద్దండీ!” అంది భార్య.

నొక్కాడు.

టక్.

ఏమీ కాలేదు. మేస్త్రి పగలబడి నవ్వాడు. “చచ్చావా? కనీసం కళ్ళైనా తేలెయ్యరా!”

నవ్వుతూనే ఉన్నాడు... నవ్వు సగంలో ఆగింది. గొట్టంలోంచి సన్నగా ఒక చప్పుడు. స్... స్... స్... వత్తి అంటుకున్నట్టు. టోపీ లేదు. మందు లేదు. అయినా చప్పుడు. కంతలోంచి పొగ... ఒక పోగు. అది పైకి లేవలేదు. పక్కలకూ పోలేదు. తిన్నగా బావమరిది వైపు సాగి, మధ్యలో మాయమైంది.

చప్పుడు ఆగిపోయింది.

“గుండేదండీ?” అంది భార్య.

పళ్ళెం ఖాళీగా ఉంది. గుండు ఉన్నచోట గుండ్రంగా తడి మరక.

మేస్త్రి నేలంతా వెతికాడు. బల్లకింద పాకాడు. కడ్డీ తీసి గొట్టంలోకి దించాడు. కడ్డీ అడుగంటా దిగింది. పళ్ళెంలో లేదు. గొట్టంలో లేదు. అంటే బయల్దేరింది. ఇంకా చేరలేదు... అంతే.

“నాకు... నాకు తెలీదు,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. అందుకు ఎంతటి వేళ కావలసివచ్చిందో చూడండి!

మర్నాడు రైఫిల్‌ను రంపంతో ముక్కలు కోశాడు. పీడ వదిలిందనుకున్నాడు. ఈ సంగతి తెలిసి రైఫిల్ తెచ్చినామె వచ్చింది. కోపగించలేదు. “పేలకముందు కోస్తే పనికొచ్చేది,” అని మాత్రం అంది.

ఇక మేస్త్రి భార్య ఊరుకోలేదు. “నాకున్నది ఒక్క తమ్ముడు. మీరే నొక్కారు. మీరే అడ్డం కూర్చోండి,” అంది. ఆమె మొహం చూసి ఎదురు చెప్పే ధైర్యం మహావీరుడికి లేకపోయింది. ఆనాటి నుంచి ఆ కొట్టుకూ బావమరిదికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. త్యాగమనుకునేరు! ఇంటికెళ్తే భార్య అన్నం పెట్టదని.

ఆ బావమరిది ఎవరో మీకీపాటికి తెలిసే ఉంటుంది. ముందు వరస మొహాలు చూస్తే తెలుస్తోంది. అవును, నేనే. బడి మారదామని అనుకున్నాను, కానీ ఎక్కడికని వెళ్ళను? పాఠం చెప్పేటప్పుడు ఒక్కోసారి ఆగి ఛాతీ తడుముకుంటానే, అది గుండెజబ్బు కాదర్రా. అక్కడ రూపాయంత మేర చల్లగా ఉంటుంది. ఈమధ్య ఆ చల్లదనం ఎక్కువైంది.

ఏమిటే? ఏదో అంటున్నావు. ఆయన కుర్చీలో లేడా?

ఆఁ, చూశాను. ఇందాక నేను కొట్టు సంగతి ఎత్తుకోగానే దాహమంటూ లేచి వెళ్ళాడు. కథ అయ్యేదాకా కుదురుగా కూర్చోలేడు. తన ఘనత తానే వినలేకపోయాడు కాబోలు.

ఉండండి... ఎవరూ కదలకండి.

ఆ కుర్చీ వీపుకు కంత ఎప్పుడు పడింది? ఉదయం లేదు. నేనే తుడిచాను. గుండ్రంగా ఉంది... అంచులు ఇంకా పొగలు కక్కుతున్నాయి. చప్పుడు మీరెవరైనా విన్నారా? నేనూ వినలేదు.

నా వెనక గోడకు దెబ్బేమైనా తగిలిందా, చూడమ్మా. లేదా? సరిగ్గా చూశావా?

సరే. లేవండి. సంచులు తీసుకోండి. వెనక గుమ్మంలోంచి, గోడవారనే, ఒకరి వెనక ఒకరు. కిటికీకీ నాకూ మధ్య అడుగు పెట్టకండి, ఆ చోటును చేత్తో కూడా తాకకండి. చీకటి పడకముందే ఇళ్ళకు పోయి కడుపునిండా అన్నం తినండి.

నేనా? నేనిక్కడే కూర్చుంటాను. కదిలితే అది ఎటు తిరుగుతుందో నాకు తెలీదు.