బొటనవేలి దారి

మా పరిచయం గొడవతోనే మొదలైంది.

"సార్, ముప్పయ్యో పేజీలో బొటనవేలు మీదేనా?"

నేను స్కాన్ చేసిన పాత పంపు రిపేరు పుస్తకంలో, పేజీతో పాటు పడ్డ నా వేలి చుట్టూ పసుపు గడి, పక్కన ఆవిడ నోటు. మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ పనే అది. పేజీలో ఏ ముక్కకైనా నోటు అతికించొచ్చు, ఇంకో పేజీలో ముక్కకి లింకు వేయొచ్చు. ఆవిడ గాజు తలుపు అవతల కూర్చుని నా తప్పులు పట్టే చెకర్.

"కాదు మేడమ్, పక్కింటాయన దగ్గర అరువు తెచ్చుకున్నా," అని కింద రాశాను.

"అయితే తిరిగిచ్చేసి, పేజీ మళ్ళీ తీయండి."

ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఇరవయ్యేళ్ళు పంపులు విప్పి, నడుం పోయి ఈ కుర్చీలో పడ్డవాణ్ణి. నలభై నాలుగొచ్చినా పిల్లనిచ్చినవాడు లేడు. చదువుకున్నవాళ్ళంటే ఒళ్ళుమంట. పంతానికి ఒక్క పేజీ కూడా మళ్ళీ తీయలేదు.

శుక్రవారం మేనేజరు పిలిచాడు. "పదిహేడు పేజీల్లో వేలు! సోమవారం నుంచి రావద్దు."

ఆవిడ లేచొచ్చింది. "ఒక్క నిమిషం సార్." నేనెప్పుడో విసుగ్గా రాసి పడేసిన నోటు తెరిచింది: 'కరెంటు ఆపకుండా మూత విప్పమన్నాడు. విప్పితే చస్తారు.' దానికి అదే పంపు మీద వచ్చిన కొత్త పుస్తకంలోని 'ముందు కరెంటు ఆపాలి' అన్న వాక్యాన్ని లింకు చేసి ఉంచింది. "ఇది డిగ్రీలున్న మనకెవరికీ కనపడలేదు. ఈయనకి కనపడింది."

మేనేజరు ఆ రెండూ చదివాడు. "సరే. సోమవారానికల్లా ఆ వేళ్ళు పోవాలి."

"మొదటి వేలి మీద నొక్కండి. తర్వాతి దాని దగ్గరికి అదే తీసుకెళ్తుంది," అని నాతో చెప్పి, ఆవిడ గబగబా గాజు తలుపు అవతలికి వెళ్ళిపోయింది.

నొక్కాను. ఒక వేలి నుంచి ఇంకో వేలికి, ప్రతిచోటా ఒక నోటు.

'ఇక్కడ కట్టు ఉంది. ఏమైందో అడగడానికి మొహమాటపడ్డాను.'

'ఇవాళ గోరు తీసుకున్నారు. బాగుంది.'

నా చేతిని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఈ జన్మలో లేరు. కళ్ళు మసకబారాయి. చదువుకున్నవాళ్ళలో తిట్టుకోడానికి ఒక్కరు కూడా గుర్తురాలేదు.

పదిహేడోది: 'పేజీ మళ్ళీ తీస్తే నోటు పోతుంది, ముందే చదవండి. ఈ వేలు అమ్మకి చూపించాను. పని తెలిసిన చెయ్యే, మనింటికి ఎప్పుడు తీసుకొస్తావే అని అడిగింది. ఏం చెప్పమంటారు?'

పేజీలన్నీ కొత్తగా తీసి, గాజు తలుపు దగ్గర నిలబడ్డాను.

"మేడమ్, పదిహేడోదానికి పాతది కూడా ఉంచుకోవచ్చా?"

ఆవిడ తల ఎత్తలేదు. "ఎందుకూ? తప్పున్న పేజీ కదా."

"తప్పేం లేదండి అందులో. ఆదివారం వస్తానని అమ్మగారికి చెప్పండి."