గాలి శుభ్రం

రెండో శవం కూడా కుర్చీలోనే దొరికింది. ఒంటి మీద గాటు లేదు. టేబుల్ మీద సగం తాగిన టీ, గోడ మీద గదిలో గ్యాస్ ఉంటే పసిగట్టే ఎలక్ట్రానిక్ పేపర్ డబ్బా. దాని మీద నల్లటి అక్షరాలు: ‘గాలి శుభ్రం’.

"గ్యాస్ కాదన్నమాట. విషమే," అన్నాడు చీఫ్, ఫొటోని ముందుకు తోస్తూ. "ఇద్దరూ మన కోడ్ బ్రేకర్లే. విదేశీ ముఠా వాడే కొత్త కోడ్ విప్పగల బుర్ర ఇక ఒక్కటే మిగిలింది."

ఆ బుర్ర ఎవరిదో ఏజెంట్ తుమ్ముకి చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడల్లా తనకి మొట్టికాయ వేసిన అక్కది. (ఒకసారి బీరువాలో దాక్కుని తుమ్మి, మిషన్ మొత్తం మట్టిపాలు చేసినందుకు డిపార్ట్‌మెంట్ అతనికి ఆ పేరు ఖాయం చేసింది.)

"రేపు సాయంత్రానికి కోడ్ విప్పేస్తానంటోంది. ఈలోపు ఆవిడ నోట్లోకి వెళ్లే ప్రతి చుక్కకీ నువ్వే పూచీ."

"ముఠాలో మనవాళ్లెవరైనా ఉన్నారా, సర్?"

"ఆ డబ్బాలు చేసే కంపెనీ డిజైనర్. కోడ్ నేమ్ సిల్క్. ముఠా మనిషిలా నటిస్తూ మనకి కబుర్లు చేరవేస్తోంది. విషం సంగతి చెప్పింది కూడా ఆమే."

మర్నాడు తుమ్ము టైపిస్టు వేషంలో అక్క గదిలో కూర్చున్నాడు. బయట ఎముకలు కొరికే చలి. కిటికీలు మూసి, గ్యాస్ హీటర్ వెలిగించారు. ఇక్కడ కూడా గోడ మీద అలాంటి డబ్బాయే: ‘గాలి శుభ్రం’.

"ఆ మీసం ఎక్కడ దొరికిందిరా? తుడుపుకర్రలా ఉంది," అంది అక్క, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

అతనికి నవ్వు రాలేదు. పంచదార మీద అనుమానం, పెన్సిల్ మీద అనుమానం. విషాన్ని పసిగట్టే స్పూన్‌ని గ్లాసు నీళ్లలో కూడా ముంచి చూశాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. అయినా నమ్మకం కుదరలేదు.

అంతలో సిల్క్ వచ్చింది. పొడవాటి కోటు, మెడలో పట్టు స్కార్ఫ్, గదంతా సెంటు వాసన.

"ఈ గదిలో వెలుతురు తక్కువ," అంది.

"కాగితానికి ఈమాత్రం చాలు," అన్నాడు తుమ్ము. గుర్తుమాటలు సరిపోయాయి.

"టీ ముట్టుకోకండి," అని గుసగుసలాడి, గోడ వైపు నడిచింది. "అయ్యో, వంకరగా పెట్టారే! వంకరగా ఉంటే నేను చూడలేను." డబ్బాని రెండు చేతులతో సరిచేసింది. "మా ముద్దుబిడ్డ ఇది. అక్షరం మారేటప్పుడే కాస్త కరెంటు తింటుంది. ఆ తర్వాత చుక్క కూడా అడగదు."

ఫోన్ చేసుకొస్తానని బయటికెళ్లి, అరగంటైనా తిరిగి రాలేదు. తుమ్ము కళ్లు ఆమె వదిలెళ్లిన హ్యాండ్‌బ్యాగ్‌కి అతుక్కుపోయాయి. తెరిచి చూశాడు. దువ్వెన, పౌడర్, అద్దం. స్పూన్ అన్నిటికీ ఆకుపచ్చే చూపించింది. కణతలు పోటెత్తుతున్నాయి. మీసం జిగురు పడలేదేమో అనుకున్నాడు.

అక్క ఆవులించింది.

"ఇవాళ హాయిగా ఉందిరా. పావుగంటకోసారి ఆ డబ్బా నల్లగా, తెల్లగా మారి నా లెక్క చెడగొట్టేది. ఇందాకట్నుంచి ఒక్కసారి కూడా కన్నార్పలేదు."

తుమ్ము ఒక్క ఉదుటున లేచాడు. డబ్బాని గోడ మీంచి లాగి తిరగేశాడు. బ్యాటరీ గూడు ఖాళీ. ప్రాణం పోయినా, ఆఖరి మాట మాత్రం అలాగే నిలిచిపోయింది: ‘గాలి శుభ్రం’.

అతను హీటర్ ఆపేసి కిటికీ మీద పడ్డాడు. వేళ్లు మాట వినడం లేదు. గడియ బిగుసుకుపోయింది. వెనకాల అక్క తల కాగితాల మీదికి వాలిపోతోంది. "అక్కా!" అని అరిచాడు. ఆమె పలకలేదు. జీవితంలో మొదటిసారి ఆమె మొట్టికాయ కోసం ప్రాణం కొట్టుకుపోయింది. ఉన్న బలమంతా కూడదీసుకుని లాగాడు. గడియ ఊడి చేతికొచ్చింది, కిటికీ తెరుచుకుంది.

అక్కని కిటికీ దగ్గరికి లాగి, చలిగాలి తగిలేలా తల పట్టుకున్నాడు. ఆమె దగ్గింది, తిట్టింది. తిట్టింది కాబట్టి బతికింది. కోటు గుండీలో దాచిన రేడియోలో జీపు పంపమన్నాడు.

"హీటర్ పొగగొట్టాన్ని సిల్క్ బయటనుంచి మూసేసిందక్కా. ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. ఇదివరకు రెండు గదుల్లోనూ డబ్బా బాగానే పనిచేస్తూ దొరికింది. అంటే బ్యాటరీ పెట్టడానికి మళ్లీ వస్తుంది. నువ్వు చచ్చినట్టు కుర్చీలో పడుకో."

"పడుకోకపోతే నిజంగానే చస్తానంటావ్," అని అక్క తల వాల్చింది. అతను డబ్బాని గోడకి తగిలించి, కిటికీకి తెర లాగి, తలుపు వెనక నక్కాడు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. స్కార్ఫ్ కింద గ్యాస్ మాస్క్. సిల్క్ కుర్చీ వైపు ఓ చూపు చూసి, గదిలోకి గాలి రానిద్దామని తెర తీసింది. కిటికీ అప్పటికే తెరిచి ఉంది.

"మీకెందుకు శ్రమ, మేడమ్? మేమే తెరిచాం," అన్నాడు తుమ్ము, పిస్టల్ గురిపెట్టి. "ఆ గుప్పిట్లో ఉన్నది కూడా దాని చోట పెట్టేయండి."

ఆమె బ్యాటరీ పెట్టింది. డబ్బా నల్లగా మారింది, తెల్లగా మారింది. మూలల్లో ఇంకా మిగిలిన గ్యాస్‌ని పసిగట్టి, అక్షరాలు తేల్చింది: ‘ప్రమాదం. వెంటనే బయటికి వెళ్లండి.’

"ఇకమీద ఎంత కన్నార్పినా ఏమీ అననులే," అని అక్క పెన్సిల్ అందుకుంది. కోడ్‌లో ఇంకా రెండు వరుసలు మిగిలాయి.

"చదివారుగా, మేడమ్," అన్నాడు తుమ్ము, ఊడిపోతున్న మీసాన్ని అదుముకుంటూ. "పదండి. బయట జీపు సిద్ధంగా ఉంది."