మడివేళ కొట్టుకున్న గుండె

రెండో శనివారం కాబట్టి హరిచందన ఆ ఉదయం బాపట్ల రైలెక్కలేదు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఆమెది ఎం.టెక్ రెండో ఏడు. ప్రాజెక్టు మాత్రం తెనాలిలో, ఈ మేడమీది అద్దెవాటాలో, తండ్రి ఒంటిమీద నడుస్తోంది. ఛాతీకి ఒక సెన్సరు బిళ్ల, మణికట్టుకు ఒకటి, నడుముపట్టీలో మూడోది. పై రెండూ పట్టిన గుండె వేగాన్ని నడుము బిళ్ల అందుకుని, తీగ లేకుండానే గదిలోని కంప్యూటరుకు చేరవేస్తుంది.

బిళ్లలు కట్టిన సోమవారం నుంచి ఒకటే వింత. ఉదయం ఏడు దాటగానే వేగం నూట ముప్ఫై దాటుతోంది. నడుము బిళ్లను కుడి నుంచి ఎడమకు మార్చినా అంతే. నిరుడు గుండెనొప్పితో ఆసుపత్రి పాలై వచ్చిన మనిషాయె. భయంతో ఆ పిల్లకు నిద్ర కరువైంది.

ఇప్పుడు తెరమీద నూట నలభై రెండు.

"నాన్నా! పూజ తర్వాత, ముందు పడుకోండి!" అంటూ పరుగెత్తింది.

మడిపంచెతో గంధం తీస్తున్న వెంకటరాఘవయ్య మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "దూరం, దూరం! ముట్టుకోకు. నాకేమైందే?"

"మీ గుండె పరుగెడుతోంది! రెండేసి గంటలు కింద కూర్చోవద్దంటే వినరు. నా మాటంటే లెక్కేలేదు మీకు!"

అరిచాక చూసింది. ఆయన ఒంటిమీద జంధ్యం తప్ప ఏమీ లేదు.

"బిళ్లలేవి?"

"మడిలో అవెలా ఉంచుకోనమ్మా? మధ్యలో ఆగిపోతే నీకు ఇబ్బందని, పూజ అయ్యేదాకా రోజూ మీ అమ్మకి కట్టుకోమని ఇస్తున్నా. ఎవరిదైనా గుండే కదా అనుకున్నాను."

అప్పుడే మాణిక్యాంబ చంకన బిందెతో మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కుళాయి కిందే ఉంది మరి.

"ఏంటే... ఆ... కేకలు? ఇంకో రెండు బిందెలు పడితే అయిపోతుంది."

"అమ్మా, ఈ ఆయాసం ఎప్పట్నుంచి?"

"నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పట్నుంచేమో. అప్పుడందరం ఆయన్నే చూసుకుంటున్నాంగా, ఇంకెవరికి చెప్పను?"

మాస్టారు లేచి వచ్చి బిందె అందుకున్నాడు.

"అయ్యో, మడండీ!"

"పోనీలే. కూర్చో మాణిక్యం. చొక్కా వేసుకొస్తా, డాక్టరు దగ్గరికెళ్దాం."

మాణిక్యాంబ కూర్చుంది. కూతురి కళ్లలో నీళ్లు చూసి కంగారుపడింది.

"నావల్ల నీ ప్రాజెక్టు పాడైపోయిందా అమ్మా?" అంది.

హరిచందన ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది.