తీపి నీటికి ఎర్రగీత

“ఆ ద్వీపంలో మంచినీళ్ల బావి ఒక్కటే. అది పాడైతే జనం ఊరు ఖాళీ చేస్తారు. ఖాళీ అయిన చోట విదేశీ ముఠా రాడార్ పెడుతుంది. ఈ కబురు పంపిన మన ఏజెంట్ మర్నాడే సముద్రంలో శవమై తేలాడు.” చీఫ్ ముందుకు వంగాడు. “ఇక నీ వంతు, బాబాయ్.”

డిపార్టుమెంటులో అందరికంటే పెద్దవాడు కాబట్టి చీఫ్‌తో సహా అందరూ అతన్ని బాబాయ్ అనే పిలుస్తారు.

“బావిని ఎలా పాడుచేస్తారు?”

“విషంతో. ఇంకెలా?” చీఫ్ ఒక వాచీ అందించాడు. “నీళ్లలో ముంచు. విషం ఉంటే ఎర్రలైటు వెలుగుతుంది. అక్కడ టూరిస్ట్ గైడ్ మన మనిషే. కానీ జాగ్రత్త. ఆవిడ రెండు వైపులా జీతం తీసుకుంటోందని అనుమానం.”

లాంచీలో గైడ్ మైకు అందుకుంది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు. ఎంత అందమో అంత విసుగు.

“దిగేముందు తెలుసుకోవలసినవి వినండి. రెండోసారి చెప్పను. ఎండకు పూసుకునే క్రీములు ఇక్కడే పడేయండి. మీ చర్మం కోసం మా పగడాలు చావక్కర్లేదు. మిలిటరీ మచ్చల చొక్కా వేసుకున్న అన్నయ్యా, విప్పెయ్! ఇక్కడ అది నేరం. స్నానానికి సగం బకెట్టే. పిసినారితనం అనుకోకండి. ఇసుక కింద ఉప్పునీటి మీద వాననీరు పలచగా తేలుతుంటుంది. మేం తాగేది అదే.”

వ్యాపారి వేషంలో ఉన్న బాబాయ్ ఆమె పక్కకు చేరాడు. “ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందమ్మా?”

“గొడుగు మర్చిపోయిన రోజున.”

కోడ్ సరిపోయింది. ఆమె చూపు మాత్రం కత్తిలా ఉంది.

బావి దగ్గర పంపు ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. గైడ్‌కి తండ్రి. బాబాయ్ వాచీ ముంచాడు. పచ్చలైటు. విషం లేదు.

“గడియారం కడుక్కోడానికి మా బావే దొరికిందా? పో అవతలికి!” అని కసిరాడు ఆపరేటర్.

బాబాయ్ దోసిలితో తాగి మొహం చిట్లించాడు. “ఉప్పగా ఉన్నాయే!”

“కొన్నాళ్లుగా ఇంతే. ఎవడి పాపమో.”

చుట్టూ అంత ఉప్పు పెట్టి, మధ్యలో గుక్కెడు తీపి నీరు దాచిన దేవుడు దానికి కాపలా ఎందుకు పెట్టలేదు? బాబాయ్‌కి ఆ అనుమానం వచ్చింది. ఆ కాపలాకి పంపింది తననేనేమో అని కూడా అనిపించింది. సీసా నింపుకుని లేచాడు. ఈ బావికి విషం అక్కర్లేదు. ఎడాపెడా తోడితే కింది ఉప్పు దానంతటదే పైకి వస్తుంది.

గోడ అవతల కొత్త రిసార్టు. బాబాయ్ గోడ దూకి రిసార్టు షెడ్డులోకి దూరాడు. లోపల పెద్ద మోటారు హోరెత్తుతోంది. లావుపాటి గొట్టం మంచినీళ్లను తిన్నగా సముద్రంలోకి కక్కుతోంది.

మెడకు పిస్తోలు తగిలింది.

“చేతులెత్తు, బాబాయ్,” అంది గైడ్.

మోటారు పక్కనున్న తెల్లటోపీవాడు, ముఠా నాయకుడు, నవ్వాడు. “ఉప్పు మీటరు చూశావా? ముల్లు ఎర్రగీత దాటితే ఈ తరంలో ఇక తీపి నీళ్లుండవు. కాల్చెయ్.”

గైడ్ ఉలిక్కిపడింది. “ఈతకొలనుకి అన్నావు. రోజుకి గంటే తోడతానన్నావు!”

“ఇచ్చింది తీసుకున్నావుగా. నోర్మూసుకుని కాల్చు.”

బాబాయ్ తల తిప్పలేదు. “అమ్మాయీ, నా భుజాన సీసా ఉంది. మీ నాన్న బావిలో నీళ్లే. ఒక్క గుక్క తాగి కాల్చు.”

ఆమె తాగింది. ఉమ్మేసింది. “నాన్న ఇవే తాగుతున్నాడా?”

“నీకు తెలీదా?”

“హోటల్లో సీసా నీళ్లు తాగేదానికి ఏం తెలుస్తుంది!”

పిస్తోలు పేలింది. స్విచ్‌బోర్డు తునకలైంది. తెల్లటోపీవాడు జేబులో చెయ్యి పెట్టేలోగా బాబాయ్ మోచెయ్యి వాడి డొక్కలో దిగింది. మోటారు మూలిగి ఆగింది. ముల్లు ఎర్రగీతను తాకి, వణికి, వెంట్రుకవాసి వెనక్కి జారింది.

“నన్నూ కట్టెయ్, బాబాయ్,” అంది గైడ్, పిస్తోలు కింద పడేసి. “మీ ఏజెంట్‌ని వీడికి పట్టిచ్చింది నేనే.”

బాబాయ్ ఇద్దర్నీ కట్టేశాడు.

చప్పుడు విని ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు. కూతుర్ని చూశాడు. మీటరు చూశాడు.

“గొంతెండిపోతోంది,” అన్నాడు తెల్లటోపీవాడు నేల మీద నుంచి. “కాసిని నీళ్లియ్యి.”

ఆపరేటర్ వాడివైపు ఎంతో మర్యాదగా వంగాడు.

“తమరు తోడగా మిగిలిన ఉప్పునీళ్లే ఉన్నాయి. పొయ్యమంటారా?”