స్పేర్‌ మైకుకి హలో చెప్పని మనిషి

టైలరు ట్రయల్ గది తెర పక్కకి లాగాడు. కొత్త కోటు సరిగ్గా సరిపోయింది. వేసుకున్న ఏజెంటుకే ప్రాణం లేదు. మెడ మీద చిన్న సూది గాటు. కోటు అస్తరు మీద సుద్దముక్కతో హడావిడిగా గీసిన రెండు మాటలు: "నాలుగు. మైకు."

గంట తర్వాత ఆ కోటు గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన టేబుల్ మీద ఉంది. ఎదురుగా అక్కడ అందరూ మెకానిక్ అని పిలిచే ఏజెంటు.

"సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ కాన్ఫరెన్స్ హాల్లో మాట్లాడుతుంది. రేడియోలో లైవ్. ఆవిడ కనిపెట్టిన మందు ఫార్ములా కాజెయ్యబోయిన విదేశీ ముఠా పేర్లు ఒక్కొక్కటే చెబుతుంది. ఆ లోపే ఆవిణ్ణి లేపెయ్యాలని వాళ్ళ ప్లాన్."

"క్యాన్సిల్ చెయ్యొచ్చుగా సార్?"

"అన్నాను. 'గొంతు ఎలాగూ తీసుకున్నారు, మాట కూడా ఇవ్వమంటారా?' అంది." నిరుడు ముఠా వదిలిన గ్యాసుకి ఆవిడ గొంతు పోయి గుసగుస మిగిలింది. మైకు లేకపోతే పక్క కుర్చీకి కూడా వినబడదు.

"పేర్లు రాసి ఇచ్చేస్తే?"

"ఎవరికీ ఇవ్వదు. మన ఆఫీసుని నమ్మే గొంతు పోగొట్టుకుందయ్యా."

మెకానిక్ తల దించుకున్నాడు. "హాల్లో మనవాళ్ళెవరు?"

"అనౌన్సర్. మైనా." పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "తమ మనిషని వాళ్ళనుకుంటున్నారు. మన మనిషని మనం అనుకుంటున్నాం. నీ మరదలేగా, నువ్వేమంటావ్?"

భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో ఆమె చెల్లెలితో మెకానిక్ మాట్లాడింది కోడ్ భాషలోనే.

"ఇదిగో, పెన్నులా కనిపించే సోల్డరింగ్ ఐరన్. ల్యాబ్ వాళ్ళు ఆర్నెల్లు కష్టపడ్డారు. జాగ్రత్త."

మూడూ ఇరవై. అతికించిన మీసంతో, నూనె మరకల చొక్కాతో మెకానిక్ స్టేజి వెనక సౌండు గదిలో అడుగుపెట్టాడు. హాలు ఆపరేటర్‌కి అరవై ఏళ్ళుంటాయి. అందరూ సౌండు బాబాయి అంటారు.

"రేడియో వాళ్ళు పంపారు బాబాయ్, మైకు చెక్ చెయ్యమని."

"సమయానికొచ్చావు. స్టేజి మైకు ఇప్పుడే గర్రుమని చచ్చింది. ఏం ఫర్వాలేదు, స్పేరుంది."

"మిగతా మైకులో?"

"అన్నీ నిన్న సర్వీసింగుకి పంపా."

"ఈ చచ్చినదాన్ని ఒకసారి విప్పి చూస్తా."

"ఎందుకయ్యా శ్రమ?"

మెకానిక్ అప్పటికే మైకు తలమీది జాలీ తిప్పుతున్నాడు. అందులో ఏముందో తెలియదు. ఒక్కో చుట్టుకీ ఊపిరి బిగబట్టాడు. జాలీ వచ్చింది. లోపల ఎన్నో గొంతుల ఆవిరి పీల్చిన స్పాంజి. దాని కింద, మాటని కరెంటుగా మార్చే క్యాప్సూల్. మెల్లగా పైకెత్తాడు. బాంబు లేదు, సూది లేదు. వెంట్రుకంత ఎర్ర తీగ ఒకటి ఊడి వేలాడుతోంది, అంతే.

భూతద్దం పెట్టి చూశాడు. వాడకంలో తెగిన తీగ పోగులు విడిపోయి నల్లబడుతుంది. దీని కొన నున్నగా మెరుస్తోంది. బ్లేడు కోత.

ఈ మైకు చావలేదు, చంపారు. స్టేజి మీదికి స్పేరు ఎక్కడానికి.

"బాబాయ్, ఆ స్పేరుతో ఒక హలో అనండి. లెవెల్ చూసుకుంటా."

"అక్కర్లేదు. బాగానే ఉంది."

మెకానిక్ మేనమామ ముప్ఫై ఏళ్ళు మైకుసెట్టు నడిపాడు. మైకువాడి చేతికి మైకిస్తే పెళ్ళిపీటల మీదైనా సరే "హలో, చెక్, వన్ టూ త్రీ" అనకుండా ఉండలేడు. ఈయన మాత్రం స్పేరుని నిండు గ్లాసులా పట్టుకుని, స్విచ్చుకి బొటనవేలు తగలకుండా బల్ల మీద పెట్టాడు.

"ఒక్క హలోకి ఏం పోతుంది బాబాయ్?"

బాబాయి నుదుటి మీద చెమట. చేతిలో పిస్టల్.

"నీ మీసం ఊడుతోంది," అన్నాడు. "కదలకు."

తలుపు తెరుచుకుంది. ముదురెరుపు సిల్కు, అదే రంగు గోళ్ళు, భుజాన హ్యాండ్‌బ్యాగు. మైనా.

"ఇక్కడ ఉక్కగా ఉందండీ," అన్నాడు మెకానిక్. అది కోడ్. వాన పడేలా ఉంది అని ఆమె జవాబివ్వాలి.

"ఫ్యాను వేసుకోండి," అంది మైనా.

అది కోడ్ జవాబు కాదు.

"నువ్వు స్పేరు తీసుకెళ్ళు బాబాయ్, టైమవుతోంది. ఇతన్ని నేను చూసుకుంటా."

స్పేరుని ఒంటిచేత్తో ఎత్తే ధైర్యం బాబాయికి లేదు. పిస్టల్ ఆమెకిచ్చి, రెండు చేతులతో దాన్ని పసిబిడ్డలా ఎత్తుకున్నాడు. పిస్టల్ మూతి బాబాయి వైపే తిరిగింది.

"ఆ బాంబుని ఇసుక బకెట్లో పడుకోబెట్టు. హలో అనకుండా." తర్వాత మెకానిక్‌తో, "వాన పడేలా ఉంది బావా."

"ఆ ముక్క ముందే అనొచ్చుగా!"

"అంటే పిస్టల్ ఇచ్చేవాడా?"

బాబాయిని సంకెళ్ళతో పైపుకి బిగించేసరికి మూడూ నలభై తొమ్మిది. మెకానిక్ పెన్ను నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది. మొన మాత్రం చల్లగా ఉంది. మళ్ళీ నొక్కాడు. లైటూ పోయింది.

గోడకి బాబాయి పాత సోల్డరింగ్ ఐరన్ వేలాడుతోంది, కర్రపిడిది. ప్లగ్గు పెట్టాడు. వేడెక్కడానికి అయిదు నిమిషాలు. అయిదూ యుగాల్లా గడిచాయి.

మొన తీగ దగ్గరికి తెస్తుంటే పైపు దగ్గర్నుంచి గొణుగుడు. "ఆ మసి మొనతోనా! తడి స్పాంజికి తుడువు."

మెకానిక్ తిరిగి చూశాడు.

"రెండు సెకన్లే. ఎక్కువ ఉంచితే లోపలి పొర కరిగిపోద్ది. చంపడానికొచ్చిన మాట నిజమే, అలాగని చెత్తపని కళ్ళతో చూడలేనయ్యా."

మెకానిక్ మొన తుడిచాడు. ఒకటి, రెండు. తీగ అతుక్కుంది. అతుకు ముత్యంలా మెరిసింది. కానీ ఇరుకులో అది లోహపు అంచుకి తగులుతోంది. తగిలితే మళ్ళీ గర్రే. టేపు చుట్టేంత సందు లేదు.

"మైనా, నీ గోళ్ళ రంగు!"

ఆమె హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి చిన్న సీసా తీసింది. "ఆరడానికి నాలుగు నిమిషాలు పడుతుంది బావా."

నాలుగు కొట్టింది.

"ఆ నాలుగూ నేను తెస్తా," అని స్టేజి వైపు పరిగెత్తింది.

మైకు లేకుండా ఆమె గొంతు హాలంతా ఖంగున మోగింది. డాక్టరమ్మ చిన్నప్పుడు పలక పగలగొట్టిన సంగతి దగ్గర మొదలుపెట్టింది. మెకానిక్ ఎర్ర పూత పూసి ఊదాడు. అక్కడ డాక్టరమ్మ కాలేజీలో చేరింది. ఊదాడు. జనం సణుగుతున్నారు. రేడియో వాళ్ళు వాచీలు చూపిస్తున్నారు. డాక్టరమ్మ లేచి, వట్టి స్టాండు ముందు నిలబడి పెదాలు కదిపింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలో ఒకతను నవ్వాడు.

క్యాప్సూల్ లోపలికి, జాలీ పైకి. మెకానిక్ ఒక్క ఉదుటున స్టేజెక్కి, కేబుల్ గుచ్చి, స్విచ్ నెట్టాడు.

"హలో."

హాలు మోగింది. గర్రు లేదు.

డాక్టరమ్మ మైకుని పెదాలకి ఆనించుకుంది. గుసగుస గుసగుసగానే వెళ్ళి చివరి వరస దాకా వినబడింది. మొదటి పేరుకే నవ్వినతను లేచాడు. తలుపు దగ్గర పెద్దాయన మనుషులు అతని కోసమే నిలబడి ఉన్నారు.

"సీసా నా దగ్గరుంది," అన్నాడు మెకానిక్, పక్కకొచ్చిన మైనాతో.

"ఆదివారం ఇంటికి తెచ్చివ్వు బావా," అంది. అందులో కోడ్ ఏమిటా అని చాలాసేపు ఆలోచించాడు. ఏమీ లేదు.

మర్నాడు పెద్దాయన రిపోర్టు చదివాడు. "వాడిన ఆయుధాలు" అన్నచోట రాసి ఉంది: గోళ్ళ రంగు, ఒక పూత. శత్రువు సలహాలు, రెండు. డిపార్ట్‌మెంట్ పెన్ను: రాస్తుంది.