చల్లారని ట్యూబు

"సార్‌గా అడిగితే సంతకం పెట్టను. నాన్నగా అడిగితే అసలే పెట్టను."

ఆ మాటకు లాబ్‌లో ఉన్నవాళ్లంతా తలలు దించుకుని గాజుసామాను కడగడంలో మునిగిపోయారు. కన్నకూతురే ఎదురు తిరిగితే యజమాని పరువు ఏం కావాలి మరి.

గొడవంతా ఒక సీసాలోని ద్రవం గురించి. అందులో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేవని పంపిన కంపెనీ రాసిచ్చింది. దాన్ని కాలిస్తే పుట్టే నీరు ఒక ట్యూబులో, కార్బన్ డయాక్సైడ్ మరో ట్యూబులో చిక్కుతాయి. ఏ ట్యూబు ఎంత బరువు పెరిగిందో చూసి ఫార్ములా కట్టాలి. తేలిందేమో కార్బన్ ఎనభై రెండు శాతం, హైడ్రోజన్ పద్నాలుగు. తక్కిన నాలుగూ ఆక్సిజన్ అని రాసెయ్యమంటాడు తండ్రి. లేని ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి తెచ్చేదని ఆమె. తూచినవాడు పనిమంతుడని ఆయన ధీమా. సంతకం పెట్టకపోతే టేబుల్ ఖాళీ చెయ్యమన్నాడు.

ఆమె సరేనని సొరుగు లాగింది.

పక్క టేబుల్ దగ్గర ఆ పనిమంతుడు లేచి నిలబడ్డాడు. "తప్పు నాది సార్. ట్యూబు చల్లారకముందే తూచాను. వేడి మీద బరువు తక్కువ చూపిస్తుంది."

"ఆ సంగతి నీకు తెలీదా?"

"తెలుసు సార్. అరగంట ఆగితే ఈవిడ బస్సెక్కి వెళ్లిపోతారని..."

అయితే నువ్వూ సర్దుకో అన్నాడు యజమాని. ఆమె మాత్రం సొరుగు మూసేసి, ఎవర్నీ అడక్కుండా ద్రవాన్ని మళ్లీ కాల్చింది. ట్యూబులు చల్లారేదాకా ఆమె, ఆ పనిమంతుడూ వాటి ముందే కూర్చున్నారు.

"నిన్న బస్‌స్టాప్ దాకా వాన గురించే మాట్లాడారు. నిన్న వానే లేదు," అంది ఆమె.

"అసలు మాటకి ధైర్యం చాల్లేదండీ."

"ఇప్పుడు అరగంట ఉంది. చెప్పండి."

అతను చెప్పాడు. మొదటి రెండు నిమిషాలు తడబడ్డాడు, తర్వాత ఆపమన్నా ఆగలేదు. ఆమెకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

ఈసారి కార్బన్ ఎనభై అయిదు పాయింట్ ఏడు, హైడ్రోజన్ పద్నాలుగు పాయింట్ మూడు. సరిగ్గా నూరు. ఒక కార్బన్‌కు రెండు హైడ్రోజన్లు. కంపెనీ రాసిచ్చిన అణుభారం ఎనభై నాలుగు కాబట్టి ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు. ఆమె సంతకం చేసి కాగితం తండ్రి ముందు పెట్టింది.

"ఇతన్ని తీసేస్తే నేనూ వెళ్తాను నాన్నా. ఉంచినా, తీసేసినా ఇతన్నే చేసుకుంటాను."

ఆయన లెక్క రెండుసార్లు చూశాడు. వంక దొరకలేదు. కూతురి సంతకం కింద తనదీ పెట్టి, అతనివైపు చూడకుండానే అన్నాడు:

"ఆదివారం మీ పెద్దవాళ్లని మా ఇంటికి తీసుకురా."