లమేగోలో వెండి కప్పు

శివాజీ ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ చచ్చిపోయాడు.

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో, చోడవరం టూరిస్టు బృందం అద్దెకి తీసుకున్న వంటగదిలో. డాక్టరు గుండెపోటని రాసి సంతకం పెట్టేశాడు. చెవి వెనక సూది దిగిన ఎర్రచుక్క ఆయన కంట పడలేదు. పడాల్సినవాళ్ల కంట పడింది. ఎందుకంటే శివాజీ వంటవాడు కాదు, ఇండియన్ సీక్రెట్ ఏజెంట్.

ఆ కబురు అందేసరికి అతని స్నేహితుడు శరత్‌చంద్ర చోడవరం షుగర్ ఫ్యాక్టరీ రోడ్డులో, చెరకురసం బండి దగ్గర నిలబడి ఉన్నాడు. సెలవు మీద ఇంటికొచ్చాడు. ఇలాంటివాళ్లకి సెలవులు కాగితం మీదే ఉంటాయి లెండి. ఫోన్‌లో చీఫ్ గణపతిరావు గొంతు వినిపించింది.

"శివాజీ పోయాడు."

ట్రైనింగ్‌లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే దుప్పటి. శరత్‌కి ఏడుపొచ్చింది. బండివాడు చూస్తాడని అటు తిరిగాడు.

"ఎవరు సార్?"

"మన సబ్‌మెరైన్ కోడ్ కొన్న ఫారిన్ రింగ్. శివాజీ కాపలా కాస్తున్నది మీ ఊరాయనకే. వేంకటరమణమూర్తి, రిటైర్డ్ నేవీ సైంటిస్ట్. కోడ్ అమ్మినవాడి మొహం చూసిన సాక్షి ఆయనొక్కడే. వచ్చే సోమవారం ఢిల్లీలో వాణ్ణి గుర్తుపట్టాలి. అంతవరకూ ఆయన బతకాలి."

"అలాంటాయన్ని పోర్చుగల్ ఎందుకు పంపారు?"

"నేను పంపలేదయ్యా. పెళ్లానికి మాటిచ్చానన్నాడు, వెళ్లిపోయాడు. ఆవిడ పేరు కనకవల్లి. ఆవిడకి ఇవేవీ తెలీవు, తెలియకూడదు. తెలిస్తే సాయంత్రానికల్లా అనకాపల్లిదాకా పాకిపోతుంది. నీకు వంటొచ్చా?"

"చారు పెడతాను సార్."

"చాలు. మనవాళ్లకి పరదేశంలో చారుంటే ఇంకేం అడగరు. నీ పేరు దాసు. అక్కడ మన కాంటాక్ట్, గైడ్ గౌతమి. కోడ్‌వర్డ్: పాకం ముదిరిందా? జవాబు: ఇంకా తీగ రాలేదు."

* * *

లమేగో పాత ఊరు. చుట్టూ కొండలు, కొండల నిండా మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. మబ్బు కిందకి దిగి చర్చి గోపురాలని మింగేసింది. వీధుల్లో పులిసిన ద్రాక్ష వాసన. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎవరో చూస్తున్నారని శరత్ వెన్ను చెబుతూనే ఉంది.

నల్లకళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, మత్తెక్కించే సెంటుతో గౌతమి బస్సెక్కింది. బృందంలోని మగవాళ్లు తలలు దువ్వుకున్నారు.

"పాకం ముదిరిందా?" అన్నాడు శరత్, చారు గిన్నె సర్దుతూ.

"ఇంకా తీగ రాలేదు." ఆమె నవ్వింది. "నేనూ మీ వైపు పిల్లనే. రావికమతంలో మా అమ్మమ్మ దగ్గర పెరిగాను."

శరత్‌కి ఊపిరాడింది. ఒక్కడే కాడన్నమాట.

ఊరి నడుమనుంచి కొండమీది చర్చికి నీలిరంగు పలకలు పొదిగిన మెట్లు ఎక్కిపోతున్నాయి. వడ్డాది రైతు నరసమ్మ నడుముమీద చెయ్యేసుకుని తలెత్తి చూసింది.

"సింహాసెలం మెట్లలాగే ఉన్నాయి బాబూ. మజ్జిలో నీల్లు కూడా పడతన్నాయి సూడు. ఇప్పుడెక్కేద్దుమా?"

"తరవాత," అంది గౌతమి. "ముందు వైనరీ. మెట్లు ఆఖర్న."

టూర్ కాగితం మీద మెట్లే ముందున్నాయి. ఎందుకు మార్చిందో శరత్ అడగలేదు. మనమనిషే కదా అనుకున్నాడు. తప్పు అక్కడే జరిగింది.

మూర్తిగారు నడుస్తూ నడుస్తూ అతని పక్కకి వచ్చారు. "ఒరే అబ్బాయ్, శివాజీ బదులొచ్చింది నువ్వేనా?"

"అవునండి."

"బంగారంలాంటి కుర్రాడు. నా మూలాన పోయేడు." "నాకేవైనా అయితే అవనీ. మా ఆవిణ్ణి మాత్రం ఇంటికి చేర్చు. దానికి నేను తప్ప ఎవరూ లేరు."

"ఇద్దర్నీ చేరుస్తానండి," అన్నాడు శరత్. ఎలాగో అతనికే తెలీదు.

* * *

వైనరీ నేలమాళిగలో పీపాలు, పొడుగాటి బల్ల. వైన్ తాగనివాళ్లకి తాజా ద్రాక్షరసం. ఒక్కొక్కరికీ పేరు చెక్కిన వెండి కప్పు, కానుక. గౌతమి స్వయంగా పంచింది. పంచి మూర్తిగారికీ కనకవల్లిగారికీ మధ్య కూర్చుంది. ఒక చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది.

శరత్ గరిటెలో టాక్సిన్ సెన్సర్ ఉంది. విషం తగిలితే పిడి అదురుతుంది. కూజాలోని రసం కలిపి చూశాడు. అదరలేదు. పొయ్యిమీంచి దించిన చారు గిన్నె పట్టుకుని బల్ల చివర నిలబడ్డాడు.

మూర్తిగారు కప్పు తీసుకున్నారు, తలెత్తి నోరు తెరిచారు. జానెడు ఎత్తునుంచి రసం గొంతులోకి ధారగా పోసుకున్నారు. పెదవికి తగలనివ్వలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన మంచినీళ్లయినా అంతే తాగుతారు, ఎంగిలి కాకుండా.

గౌతమి నవ్వు ఆగిపోయింది.

"అలా కాదు సార్. ఇక్కడి పద్ధతి వేరు. పెదవులు ఆనించి, వాసన చూస్తూ తాగాలి. ఇంకొక్కసారి."

"నాకలవాటు లేదమ్మా."

"ప్లీజ్ సార్. నాకోసం. పెదవులు ఆనించండి."

శరత్ చేతిలో గిన్నె బరువెక్కింది. రావికమతంలో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల, పెద్దాయన్ని ఎంగిలి చేసి తాగమని బతిమాలదు. మన పిల్లయితే చూసి ఊరుకుంటుంది. అంటే విషం రసంలో లేదు. కప్పు అంచుకి బయటివైపు, కింది పెదవి ఆనే చోట పూసి ఉంది. తాగినవాడు కాసేపటికి మెట్లమీద కుప్పకూలుతాడు. ముసలాయన, మెట్లు, గుండెపోటు. ఎవరికీ అనుమానం రాదు. అందుకే మెట్లు ఆఖర్న.

గౌతమి చెయ్యి ఇంకా బ్యాగులోనే ఉంది. శివాజీని చంపిన సూది అందులోనే ఉండాలి. అరిస్తే అది మూర్తిగారి మెడలో దిగుతుంది.

"నా కప్పు దేవుడి దగ్గర పెట్టుకుంటాను, కొత్త వెండి ఎంగిలి చెయ్యనేటి?" అంటూ కనకవల్లిగారు తన కప్పు కొంగులో ముడేసుకున్నారు. "మీ కప్పులోనే ఓ గుక్క పోసి ఇలా ఇవ్వండి. మెడ నొప్పి, ఎత్తి పోసుకోలేను. మొగుడి ఎంగిలికి దోషం లేదు."

మూర్తిగారు కూజాలోంచి తన కప్పులో పోసి ఇచ్చారు. ఆవిడ కప్పు అందుకున్నారు.

గౌతమి చూసింది. ఆపలేదు. తనకి కావలసింది ఆయన చావు, కానీ ఆవిడ చావు అడ్డు కాదన్నట్టు కూర్చుంది. కప్పు పెదవుల దగ్గరికి వెళ్తోంది. శరత్‌కీ ఆవిడకీ మధ్య బల్ల పొడుగంతా ఉంది.

"అమ్మగారూ," అన్నాడు శరత్, నింపాదిగా. "ఈళ్లు ద్రాచ్చరసం తేర్చడానికి కోడిగుడ్డు సొన కలుపుతారటండి."

కప్పు పెదవులకి వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

కనకవల్లిగారు దాన్ని బల్లమీద పెట్టి చెయ్యి దులిపేసుకున్నారు. ఆ తరవాత మొగుడివైపు తిరిగారు. ఆ చూపు చూసి మూర్తిగారు లేచి రెండడుగులు వెనక్కి జరిగారు. ఆ రెండడుగులే శరత్‌కి కావలసింది.

"సెప్పొద్దేటమ్మా గుడ్డని?" నరసమ్మ వచ్చి గౌతమి జబ్బ పట్టుకుంది. చెరకు నరికిన చెయ్యి అది. "పెద్దింటోల్లకి గుడ్డెట్టేస్తావేటి? అడుగుతంటే పలకవే?"

బ్యాగులోంచి చెయ్యి బయటికొచ్చింది, పెన్నులాంటి సూదితో సహా. శరత్ గిన్నె వంచేశాడు. పొగలు కక్కే చారు ఆ చేతిమీద పడింది. సూది నేల మీద దొర్లింది. మూర్తిగారి రక్షణకని చీఫ్ ముందే చెప్పి పీపాల చాటున కాపు పెట్టించిన లమేగో పోలీసులు అప్పుడొచ్చారు. పోలీసులు ఎక్కడైనా పోలీసులే. గుడ్డు కలిపినందుకే వచ్చారనుకున్నారు కనకవల్లిగారు.

"ఇది శివాజీ కోసం," అన్నాడు శరత్ ఆమె చెవిలో. ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లలో పశ్చాత్తాపం వెతికాడు. లేదు.

* * *

సోమవారం మూర్తిగారు వేలు చూపించారు. కోడ్ అమ్మినవాడు దొరికాడు. గౌతమికి మన కోడ్‌వర్డ్ అందించిందీ వాడేనని తేలింది. మంగళవారం శరత్ చీఫ్ ముందు నిలబడ్డాడు.

"మూర్తిగారు ఫోన్ చేశారు సార్. గుడ్డు అబద్ధమని వాళ్లావిడకి చెప్పమంటున్నారు. గుడ్డు కలిసిన రసం తాగారని ఆయన్ని వంటింటి గడప తొక్కనివ్వడం లేదట. మాటల్లేవట."

"కుదరదు. అది చెబితే అంతా చెప్పాలి. టాప్ సీక్రెట్." గణపతిరావు కాసేపు కిటికీవైపు చూశారు. "దేశం కోసం మన శివాజీ ప్రాణమే ఇచ్చాడయ్యా. ఆయన్ని కాస్త ఓర్చుకోమను."

శరత్ కళ్లు తుడుచుకున్నాడు.

"అదే చెప్పాను సార్. ప్రాణమైతే ఇప్పుడే తీసుకోమన్నారు. ఆవిడతో మాత్రం ఒక్కసారి మాట్లాడమన్నారు."